అల్లాయ్ వీల్స్‌కి పౌడర్ కోటింగ్: గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో ఇవ్వొచ్చా?

బెజవాడ_ఐ20 | విజయవాడ

అందరికీ నమస్కారం. మాది 2017 ఎలైట్ ఐ20. కంపెనీతో వచ్చిన 16 అంగుళాల డైమండ్ కట్ అల్లాయ్స్ ఉన్నాయి. కొన్నేళ్లు మచిలీపట్నంలో ఉన్నాం, అక్కడ కారు ఎప్పుడూ ఆరుబయటే ఉండేది. ఇప్పుడు నాలుగు వీల్స్ మీదా లక్కర్ (పైన వేసే పారదర్శక పూత) కింద సన్నటి తెల్ల గీతలు వంకరటింకరగా పాకాయి. గోరుతో గీకితే పైపొర లేచి వస్తోంది. ఎడమవైపు ముందు వీల్ అంచు ఫుట్‌పాత్‌కి రాసుకుని చెక్కుకుపోయింది. ఆ వీల్‌లోనే వారానికి నాలుగైదు పీఎస్ఐ గాలి కూడా తగ్గుతోంది. పంక్చర్ లేదు, వాల్వ్ కొత్తది వేయించాం. టైర్ షాపాయన నీళ్లలో ముంచి చూసి, బీడ్ (టైరు లోపలి అంచు) కూర్చునే చోట రిమ్‌ని తుప్పు తినేసింది అన్నాడు.

డెంటింగ్ పెయింటింగ్ షాపువాళ్లు స్ప్రే కొట్టి ఇస్తామంటున్నారు. ఆటోనగర్‌లో గేట్లకీ కిటికీ గ్రిల్స్‌కీ పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చి గట్టిపరిచే పూత) చేసే ఒకాయన వీల్స్ కూడా చేస్తానన్నాడు. నా టెన్షన్ రెండు విషయాల గురించి. ఓవెన్ వేడికి అల్లాయ్ బలం పోతుందా? గేటుకి వేసే పౌడరే వీల్‌కి పనికొస్తుందా?

పౌడర్_బూత్ | జీడిమెట్ల, హైదరాబాద్

నేను పౌడర్ కోటింగ్ లైన్‌లో పనిచేస్తాను. గేట్లు చేసే షాపు కదా అని కొట్టిపారేయక్కర్లేదు. పౌడర్ చల్లే గన్ అదే, గది లాంటి బూత్ అదే, ఓవెన్ అదే. తేడా అంతా గన్ పట్టుకోకముందు చేసే పనిలో ఉంటుంది. గేటు ఇనుము, మీ వీల్ పోత పోసిన అల్యూమినియం. ఇనుముకి అలవాటైన చెయ్యి అల్యూమినియం దగ్గర తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే.

మొదటిది పాత పెయింట్ తీయడం. కొన్ని చోట్ల కాస్టిక్ సోడా తొట్టిలో ముంచుతారు. ఇనుముకి ఏమీ కాదు, అల్యూమినియాన్ని మాత్రం కాస్టిక్ కరిగించేస్తుంది. తొట్టిలో బుడగలు కనిపిస్తే అది హైడ్రోజన్, మీ వీల్ కరుగుతోందని అర్థం. అల్యూమినియానికి పనికొచ్చే పెయింట్ స్ట్రిప్పర్ వేరే ఉంటుంది, అదే వాడుతున్నారో లేదో అడగండి.

తర్వాత బ్లాస్టింగ్, అంటే సన్నటి రేణువుల్ని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేయడం. ఇనుప గ్రిట్‌తో కొడితే ఇనుప రేణువులు మెత్తటి అల్యూమినియంలో ఇరుక్కుపోయి, కొన్నాళ్లకి కోటింగ్ కింద తుప్పు చుక్కలు తేలతాయి. అల్యూమినియం ఆక్సైడ్ గానీ గ్లాస్ బీడ్ గానీ వాడాలి. ఇసుకతో కొట్టే షాపు అయితే దయచేసి పని ఇవ్వకండి. వీల్ పాడవుతుందని కాదు. ఇసుక పొడిలోని సిలికా పీల్చి ఆ కుర్రాళ్లకి సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. తక్కువ రేటు కోసం మరొకరి ఊపిరితిత్తులు పాడుచేయడం నాకు అస్సలు నచ్చదు.

మూడోది చాలామంది వదిలేసేది. పోత పోసిన వీల్ లోపల కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాటిలో గాలి, తేమ, ఏళ్ల తరబడి ఇంకిన నూనె, గ్రీజు ఉంటాయి. పౌడర్ చల్లి నేరుగా ఓవెన్‌లో పెడితే అవన్నీ వేడికి బయటికి తన్నుకొస్తాయి. కరుగుతున్న పౌడర్ మీద దోశ మీద పడ్డట్టు చిల్లులు పడతాయి. అందుకే ముందు ఖాళీ వీల్‌ని ఓవెన్‌లో క్యూరింగ్ వేడికి (పౌడర్ గట్టిపడే వేడి) కాస్త పైన ఉంచి ఆ గాలి బయటికి పంపేయాలి. దాన్నే డీగ్యాసింగ్ అంటాం. "వీల్‌ని కోటింగ్‌కి ముందు ఒకసారి ఖాళీగా వేడి చేస్తారా?" అని అడగండి. చేస్తామని టక్కున చెప్పినవాడికి అల్యూమినియం తెలుసు.

పౌడర్ సంగతి. ఇంటి లోపలి ఫర్నిచర్‌కి వేసేది చాలావరకు ఎపాక్సీ పాలిస్టర్ మిక్స్. ఎండలో అది వెలిసిపోయి సున్నంలా చేతికి అంటుకుంటుంది. వీల్‌కి పైపూత ప్యూర్ పాలిస్టర్ ఉండాలి. కింద ఎపాక్సీ ప్రైమర్ వేస్తే తుప్పుని బాగా అడ్డుకుంటుంది. సముద్రం దగ్గర తిరిగిన వీల్స్ కాబట్టి మీకు ప్రైమర్ తప్పనిసరి.

టీ6_అల్లాయ్ | విశాఖపట్నం

వేడి గురించి నేను చెప్తాను, ఫౌండ్రీలోనే నా ఉద్యోగం.

కార్ల పోత వీల్స్ చాలావరకు ఏ356 అనే మిశ్రమంతో చేస్తారు. అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం. పోత పోశాక దాదాపు 540 డిగ్రీల దగ్గర గంటలు ఉంచి, నీళ్లలో చల్లార్చి, మళ్లీ 150, 160 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. ఈ చివరి అంచెలోనే అసలు బలం వస్తుంది. ఈ మొత్తం పద్ధతినే టీ6 అంటారు.

పౌడర్ కరిగి గట్టిపడేది మామూలుగా 180 నుంచి 200 డిగ్రీల మధ్య, పది నుంచి ఇరవై నిమిషాల్లో. అంటే వీల్ బలం తెచ్చుకున్న వేడి కంటే ఇది ఎక్కువే. కానీ ఇక్కడ వేడి ఒక్కటే కాదు, ఎంతసేపు అన్నదీ ముఖ్యం. 200 దగ్గర ఇరవై నిమిషాలకి మార్పు చాలా కొద్ది. అదే 230, 240 దగ్గర గంటలకొద్దీ వదిలేస్తే, లేదా చిల్లులు పడ్డాయని తీసి మళ్లీ వేసి మూడు నాలుగు సార్లు కాలిస్తే, లోపలి సూక్ష్మ కణాలు పెద్దవై బలం నిజంగానే తగ్గుతుంది. కంపెనీలో కూడా చాలా వీల్స్‌కి కింది పొర పౌడర్ ప్రైమరే ఉంటుంది. కాబట్టి పౌడర్ అంటేనే ప్రమాదం అనుకోవద్దు. అదుపు లేని ఓవెన్‌తోనే భయం.

మీ షాపాయన్ని ఒక మాట అడగండి: 200 అంటే ఓవెన్ గాలి వేడా, వీల్ లోహం వేడా? ఓవెన్ మీటర్ గాలి వేడిని చూపిస్తుంది. సన్నటి గ్రిల్ అయిదారు నిమిషాల్లో ఆ వేడికి చేరుతుంది, మందమైన వీల్ హబ్‌కి (మధ్య భాగానికి) అంతకంటే చాలాసేపు పడుతుంది. గ్రిల్ లెక్కన టైమర్ పెడితే హబ్ దగ్గర పౌడర్ సగమే గట్టిపడుతుంది. చూడ్డానికి మెరుస్తుంది గానీ చిన్న రాయి తగిలినా పెచ్చు లేస్తుంది.

నిజాంపేట్_డ్రైవ్ | హైదరాబాద్

అన్నా, మా ఫ్రెండ్స్ అందరూ ఒకటే చెప్తున్నారు, వీల్‌ని వేడి చేస్తే మెత్తబడి గుంతలో వంగిపోతుందని. అందుకే నేను స్ప్రే వైపే మొగ్గుతున్నా. టూకే పీయూ (రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయూరితేన్) పెయింట్, పైన పారదర్శక క్లియర్ పూత. ఓవెన్ గొడవే లేదు. ఒక చోట గీరుకుంటే అక్కడి వరకే టచప్ చేసుకోవచ్చు. పౌడర్‌లో ఆ సౌకర్యం లేదు కదా?

టీ6_అల్లాయ్ | విశాఖపట్నం

తమ్ముడూ, ఆ భయం వేరే పని వల్ల పుట్టింది. వంగిన రిమ్‌ని గ్యాస్ మంటతో బాగా కాల్చి సుత్తితో సరిచేసే పద్ధతి రోడ్డు పక్కన ఉంది. ఆ మంట దగ్గర ఎంత వేడి ఉందో ఎవరికీ తెలియదు, ఒక్క చోటే టీ6 మొత్తం పోతుంది. అలాంటి వీలే తర్వాత గుంతలో పగులుతుంది. ఓవెన్‌లో సమంగా, కొలిచి ఇచ్చే 200 డిగ్రీలని దానితో కలపకూడదు.

టచప్ విషయంలో మాత్రం నువ్వు చెప్పింది నిజం. పౌడర్ కోటింగ్‌లో చిన్న ముక్కకి మాత్రమే మరమ్మతు కుదరదు, వీల్ మొత్తం మళ్లీ చేయాల్సిందే. కంపెనీ వెండి రంగుతో అచ్చంగా కలవాలన్నా లిక్విడ్ పెయింట్‌లోనే తేలిక. రాళ్ల దెబ్బ, బ్రేక్ డస్ట్ తట్టుకోవడంలో మంచి పౌడర్ మందం గెలుస్తుంది. ఒక పూత 60 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది.

గాజువాక_టైర్స్ | విశాఖపట్నం

ఇక్కడ గాజువాక ఆటోనగర్‌లో మాది టైర్ల షాపు. కోటింగ్ అయిన వీల్స్ చివరికి మా దగ్గరికే వస్తాయి కాబట్టి మాకు కనిపించేది చెప్తాను. రంగు బాగుందా లేదా అన్నది మూడో విషయం. మొదటి రెండూ, పూత పడకూడని చోట్లు మూయడం, నట్లు సరిగ్గా బిగించడం, ప్రాణానికి సంబంధించినవి.

నట్టు కూర్చునే కోన్, వీల్ వెనక కారు హబ్‌కి ఆనుకునే చదును ముఖం, మధ్య రంధ్రం. ఈ మూడు చోట్లా పౌడర్ పడకూడదు. వేడి తట్టుకునే పచ్చ టేపు, సిలికాన్ బిరడాలు పెట్టి మూసేయాలి. కోన్ మీద పూత ఉంటే నట్టు ఎంత బిగించినా అది పూత మీద బిగుస్తుంది. బండి నడుస్తుంటే వేడికీ ఒత్తిడికీ ఆ పొర నలిగి పల్చబడుతుంది, బోల్టులో ఉన్న లాగుడు పోతుంది, నట్టు వదులవుతుంది. పూత మందం చూడ్డానికి ఏమీ కాదనిపిస్తుంది. బోల్టు సాగేది కూడా మిల్లీమీటర్‌లో కొంత భాగమే కాబట్టి అంత చిన్న నలుగుడు చాలు.

మధ్య రంధ్రంలో పౌడర్ ఉంటే వీల్ హబ్ మీదికి ఎక్కదు. కొంతమంది సుత్తితో కొట్టి ఎక్కిస్తారు, మళ్లీ పంక్చర్ అయిన రోజు రోడ్డు మీద అది ఊడి రాదు. రాత్రిపూట హైవే మీద కుటుంబంతో ఉన్నప్పుడు అది ఎంత ఇబ్బందో ఆలోచించండి.

బిగించేటప్పుడు గాలి గన్‌తో వదిలేయకుండా టార్క్ రెంచ్ వాడమనండి. ఎంత అన్నది మీ ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇటీవలి హ్యుందాయ్ కార్లలో ఎక్కువగా 107 నుంచి 127 న్యూటన్ మీటర్లు రాసి ఉంటుంది. మరలకి గ్రీజు, ఆయిల్ పూయకూడదు. ఎదురెదురు నట్లు వరసగా బిగించాలి. ఓ యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి రెంచ్ వేసి చూడాలి. కోటింగ్ అయిన వీల్స్‌కి ఇది వదలొద్దండి.

కాకినాడ_క్రెటా | కాకినాడ

గాజువాక అన్నగారు చెప్పింది నాకు స్వయంగా జరిగింది. షాపు పేరు చెప్పను. నాలుగు వీల్స్ నల్లగా నిగనిగలాడుతూ ఇచ్చారు. రాజమండ్రి దారిలో వెనక నుంచి టకటకమని శబ్దం. ఆపి చూస్తే కుడివైపు వెనక వీల్‌కి రెండు నట్లు చేతితో తిరుగుతున్నాయి. కోన్‌ల నిండా పౌడర్, పైగా నలిగి పొరలు పొరలుగా ఊడుతోంది. అడిగితే "ఎవరూ మూయరు సార్, అందరూ ఇలాగే వేస్తారు" అన్నారు. తర్వాత వేరేచోట కోన్‌లు మెషీన్ మీద శుభ్రం చేయించాను. ఇచ్చేముందే మూడు చోట్ల టేపు వేయాలని కాగితం మీద రాయించుకోండి, ఫోటో పంపమనండి.

బర్మింగ్‌హామ్_రాజోలు | యూకే

ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద రాతి ఉప్పు చల్లుతారు, అందుకని డైమండ్ కట్ వీల్స్ పాడవడం చాలా మామూలు. బెజవాడ గారు చెప్పిన తెల్ల గీతలు అవే. డైమండ్ కట్ అంటే ముఖాన్ని లేత్ మీద కోసి, వట్టి అల్యూమినియం మీద పారదర్శక లక్కర్ ఒక్కటే వేస్తారు. కింద ప్రైమర్ ఉండదు. ఒక రాయి తగిలి లక్కర్ చిట్లితే ఉప్పు తేమ లోపలికి దూరి, లోహానికీ లక్కర్‌కీ మధ్య పాకుతూ పోతుంది.

ఇక్కడ రిపేర్ షాపుల్లో రెండు దారులు చెప్తారు. మళ్లీ సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్ మీద కోసి లక్కర్ వేయడం ఒకటి. కోసిన ప్రతిసారీ లోహం కొంత పోతుంది కాబట్టి ఇది ఒకటి రెండుసార్లకి మించి చేయనివ్వరు. పైగా అదే బలహీనత మళ్లీ మిగులుతుంది. రెండోది డైమండ్ కట్ వదిలేసి ముఖం మొత్తం ఒకే రంగు పౌడర్. నేను నా కారుకి రెండోదే చేయించాను. చలికాలాలు దాటినా పైపొర ఎక్కడా లేవలేదు. కృష్ణా జిల్లా తీరంలో తిరిగే కారుకైతే నా ఓటు ఒకే రంగుకే.

నిజాంపేట్_డ్రైవ్ | హైదరాబాద్

ఇంట్లోనే చేసుకోవచ్చా? చిన్న పౌడర్ గన్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

పౌడర్_బూత్ | జీడిమెట్ల, హైదరాబాద్

వద్దు. వంటింటి ఓవెన్‌లో 16 అంగుళాల వీల్ పట్టదు. పట్టినా, ఒకసారి పౌడర్ కాల్చిన ఓవెన్‌లో తిండి వండకూడదు. గాలిలో లేచిన సన్నటి పౌడర్‌కి నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. మా బూత్‌లకి ఎగ్జాస్ట్, ఎర్తింగ్ ఉండేది అందుకే.

ఎర్తింగ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. గన్‌లో పౌడర్‌కి పదుల కిలోవోల్టుల చార్జ్ ఇస్తాం, ఎర్త్ అయిన వీల్ దాన్ని లాక్కుంటుంది. స్పోక్‌ల మధ్య లోతైన మూలల్లోకి మాత్రం విద్యుత్ క్షేత్రం వెళ్లదు, పౌడర్ అంచుల మీదే పేరుకుంటుంది. అనుభవం ఉన్నవాడు వోల్టేజ్ తగ్గించి ముందు ఆ మూలలు నింపి, తర్వాత ముఖం వేస్తాడు. వీల్ తీసుకునేటప్పుడు టార్చ్ వేసి స్పోక్‌ల సందులు, నట్ల గుంతల గోడలు చూడండి. పల్చగా లోహం కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.

ఇంకో జాగ్రత్త. ఫుట్‌పాత్‌కి చెక్కుకుపోయిన అంచుని డెంటింగ్ షాపు పుట్టీతో నింపి తీసుకురావద్దు. ఆ పుట్టీ ఓవెన్ వేడికి తట్టుకోదు, పొంగి ఊడుతుంది. లోతు తక్కువైతే అరగదీసి సమం చేయొచ్చు. లోతైతే అర్గాన్ వెల్డింగ్‌తో లోహం నింపి అరగదీయాలి. అదీ బయటి అంచు మీద గీరుడు వరకే. స్పోక్ మీద వెల్డింగ్ చేసి ఇస్తానన్నవాడి దగ్గర నుంచి వీల్స్ తీసుకుని వచ్చేయండి.

బెజవాడ_ఐ20 | విజయవాడ

చాలా థ్యాంక్స్ అండి అందరికీ. ఆటోనగర్ షాపాయన దగ్గరికి వెళ్లి మీరు చెప్పినవన్నీ అడిగాను. డీగ్యాసింగ్ అనే పేరు ఆయనకి తెలియదు గానీ, "పోత వస్తువుల్ని ముందు ఒకసారి కాలుస్తాం, లేకపోతే చుక్కలు పడతాయి" అని తనే చెప్పాడు. పంపుల కేసింగ్‌లు చేస్తారట, అందుకని అలవాటు. కాస్టిక్ తొట్టి ఉంది, కానీ అల్యూమినియం అందులో వేయనని చెప్పి వేరే స్ట్రిప్పర్ డబ్బా చూపించాడు. కోన్‌ల టేపు గురించి రాసి ఇచ్చాడు. లోహం వేడిని చూడ్డానికి లేజర్ థర్మామీటర్ కూడా ఉంది. ప్యూర్ పాలిస్టర్‌లో రాల్ 7016 (రాల్ రంగుల పట్టికలో నంబరు) ముదురు బూడిద రంగు ఎంచుకున్నాను, కింద ఎపాక్సీ ప్రైమర్.

టైర్లు విప్పి, వాల్వులు, బ్యాలెన్సింగ్ తూకాలు అన్నీ తీయించి ఇచ్చాను. బ్లాస్టింగ్ అయ్యాక ఫోన్ చేశాడు. గాలి తగ్గుతున్న వీల్ లోపలి అంచు దగ్గర వెంట్రుకంత సన్న గీత ఉందట. ఇప్పుడేం చేయాలి?

టీ6_అల్లాయ్ | విశాఖపట్నం

ముందు అది గీరుడా, పగులా తేల్చండి. వెల్డింగ్ షాపుల్లో ఎర్ర డై పెనెట్రంట్ డబ్బాలు దొరుకుతాయి. శుభ్రం చేసి ఎర్ర ద్రవం పూసి, కాసేపు ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్న చోట ఎర్ర గీత తేలుతుంది. అది తేలితే ఆ వీల్‌కి కోటింగ్ ఆపేయండి. గాలి పోవడానికి బీడ్ దగ్గరి తుప్పు కాదు, ఈ పగులే కారణం కావచ్చు. లోపలి బ్యారెల్ (టైరు కూర్చునే గుండ్రటి భాగం) పగులుకి అర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్లు ఉన్నారు. కానీ వెల్డింగ్ చుట్టుపక్కల టీ6 పోతుంది, దాన్ని మళ్లీ తెప్పించే సౌకర్యం రోడ్డు పక్కన ఎవరి దగ్గరా ఉండదు. ముందు వీల్ అది, స్టీరింగ్ భారం దాని మీదే. నా మాట వింటే మార్చేయండి.

బెజవాడ_ఐ20 | విజయవాడ

డై వేయించాను, ఎర్ర గీత స్పష్టంగా వచ్చింది. వెల్డింగ్ చేయించలేదు. అదే సైజు, అదే ఆఫ్‌సెట్ (వీల్ మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎంత దూరం) ఉన్న కంపెనీ వీల్ ఒకటి కొన్నాను. వీల్ వెనక 6.0జె (వెడల్పు), ఈటీ (ఆఫ్‌సెట్) అని పోతలోనే రాసి ఉండే అంకెలు పాతదానితో పోల్చి చూశాకే తీసుకున్నాను. దానికీ అదే రంగు వేయించాను.

నాలుగూ వచ్చాయి. కోన్‌లు, వెనక ముఖం, మధ్య రంధ్రం తెల్లటి లోహంతో శుభ్రంగా ఉన్నాయి. పౌడర్ పూర్తిగా గట్టిపడిందో లేదో తెలియడానికి వెనక బ్యారెల్ మీద ఒక మూల గుడ్డకి థిన్నర్ పెట్టి రుద్ది చూశాను. రంగు అంటుకోలేదు, మెరుపు తగ్గలేదు. టైర్లు ఎక్కించేటప్పుడు మెషీన్ దవడలకి ప్లాస్టిక్ తొడుగులు పెట్టమన్నాను. తూకాలు అంచుకి కొట్టేవి కాకుండా లోపల అంటించేవి వేశారు.

ఇప్పుడు వాషింగ్ గురించి చెప్పండి. ఎన్నాళ్లు నీళ్లు తగలకూడదు?

పౌడర్_బూత్ | జీడిమెట్ల, హైదరాబాద్

నీళ్ల గురించి ఆగక్కర్లేదు. పౌడర్ ఓవెన్‌లోనే పూర్తిగా గట్టిపడుతుంది, చల్లారితే పని అయిపోయినట్టే. జాగ్రత్త పడాల్సింది కార్ వాష్ వాళ్ల యాసిడ్ దగ్గర. వీల్స్ తళతళలాడాలని కొందరు యాసిడ్ క్లీనర్ కొట్టి వదిలేస్తారు, అది పూతనీ, చిన్న చిట్లు ఉంటే కింద లోహాన్నీ తినేస్తుంది. మామూలు కార్ షాంపూ, మెత్తటి బ్రష్ చాలు. ఎండలో నిలబెట్టి వీల్ కాలుతున్నప్పుడు కడగొద్దు. బ్రేక్ డస్ట్ మాత్రం నెలల తరబడి ఉంచొద్దు.

గాజువాక_టైర్స్ | విశాఖపట్నం

టార్క్ రెండోసారి చూశారా?

బెజవాడ_ఐ20 | విజయవాడ

చూశానండి. ఏలూరు వెళ్లి వచ్చాక రెంచ్ వేయించాను, ఒక్క నట్టు కూడా కదల్లేదు. గాలి కూడా నిలబడింది.

మానుకోట_బొలెరో | మహబూబాబాద్

మంచి చర్చ, అన్నీ చదివాను. మాది స్టీల్ రిమ్ముల బండి. తుప్పు పట్టింది, దీనికి కూడా పౌడర్ వేయించొచ్చా?

పౌడర్_బూత్ | జీడిమెట్ల, హైదరాబాద్

నిశ్చింతగా వేయించండి అన్నా. స్టీల్‌కి ఈ టీ6 గొడవ లేదు, చిల్లులు పడే బాధ కూడా తక్కువ, గేట్లు చేసే షాపుకి అలవాటైన లోహమే. తుప్పు పూర్తిగా పోయేదాకా బ్లాస్టింగ్, తర్వాత ఫాస్ఫేటింగ్ (పూత బాగా పట్టుకునేలా లోహానికి చేసే రసాయన శుద్ధి), వెంటనే పౌడర్. బ్లాస్ట్ చేసి రాత్రంతా వదిలేస్తే తేమకి మళ్లీ తుప్పు పడుతుంది, అందుకని అదే రోజు పూత పడాలి. తుప్పు తిని రేకు పల్చబడిన రిమ్ అయితే మాత్రం కొత్తది కొనండి. నట్ల కోన్‌లు, వెనక ముఖం మూయించడం దీనికీ తప్పదు. కాకినాడ ఆయన పోస్ట్ మీ షాపువాళ్లకి చూపించండి.